తినరానివాటి వంట పుస్తకాలు: రోత పుట్టాల్సిన చోట నవ్వెందుకు పుడుతుంది?

క్లుప్తంగా: పురుగులు, రక్తం, పెంపుడు జంతువులు, మనిషి దేహం నుంచి వచ్చే ద్రవాలు దినుసులుగా వంట పుస్తకాలు వెలువడినప్పుడు పాఠకుల నుంచి ఆగ్రహం కంటే ముందు వచ్చేది పరిహాసం. ఆ నవ్వుకు దినుసు ఒక్కటే కారణం కాదు. ఎంతటి నిషిద్ధ వస్తువునైనా చెంచాల్లోనూ నిమిషాల్లోనూ కొలిచి చెప్పే వంటల భాషది అందులో సగం వాటా. చదివేవారికీ ఆ వస్తువుకూ మధ్య ఉన్న దూరానిది మిగతా సగం. ఈ నవ్వు పుస్తకానికి ప్రచారం తెస్తుంది గానీ, రచయిత నిజంగా చెప్పదలచిన మాటను చాలాసార్లు మింగేస్తుంది.

2008లో ఇంగ్లీషులో వెలువడిన ఒక వంట పుస్తకం ఫొటోలు, కొలతలు, వంటల వరుస వంటి అన్ని విషయాల్లోనూ అంగట్లో దొరికే మిగతా వంట పుస్తకాల్లాగే ఉంటుంది. అందులోని వంటకాలన్నిటికీ ఉమ్మడి దినుసు మాత్రం మానవ వీర్యం. పోషక విలువలూ, వంటకు పనికొచ్చే గుణాలూ ఉన్న పదార్థాన్ని లోకం అకారణంగా పక్కన పెట్టిందన్న ధోరణిలో రచయిత దాన్ని పరిచయం చేశాడు. ఇలాంటి పుస్తకాలకు కొనుగోలుదారుల పేరిట వచ్చే సమీక్షలకు ఒక స్థిరమైన బాణీ ఉంది. రాసేవారు ‘ఛీ’ అనరు. పుస్తకాన్ని పూర్తిగా నమ్మినట్టు నటిస్తూ, సరుకు తాజాగా దొరకడంలోని ఇబ్బంది గురించో, అతిథుల సంఖ్య పెరిగితే కొలతలు పెంచడం ఎలాగన్న సందేహం గురించో, శాకాహారులకు ప్రత్యామ్నాయం చూపలేదన్న లోటు గురించో గంభీరంగా ఫిర్యాదు చేస్తారు. దినుసు గురించి ఒక్క మాటా అనకుండా తప్పించుకోవడానికి పాఠకుడు వంటల నిపుణుడి వేషం కడతాడన్నమాట.

ఇలాంటి పుస్తకం చేతికి వచ్చినప్పుడు తలెత్తే మొదటి సందేహం, ఇది వేళాకోళమా, నిజమా అన్నది. దానికి ఒకే జవాబు లేదు. నిజంగానే వండుకోవాలని రాసినవి కొన్ని, ఎవరూ వండరని తెలిసే రాసినవి కొన్ని, వండినా వండకపోయినా తమకు ఒకటేనన్నట్టు రాసినవి మరికొన్ని ఉన్నాయి. పాఠకుడు మాత్రం అన్నిటినీ ఒకే అరలో పెట్టి ఒకే రకంగా నవ్వుతాడు. గందరగోళం మొదలయ్యేది అక్కడే.

వంటల భాష చేసే పని

వంటకం రాసే పద్ధతికి ఏ భాషలోనైనా ఒక చట్రం ఉంది. ముందు కావలసినవి, తరవాత తయారుచేసే విధానం. క్రియలన్నీ విధిస్తూ సాగుతాయి: కడగాలి, తరగాలి, దోరగా వేయించాలి, సన్నని మంట మీద మగ్గనివ్వాలి, దించేముందు తగినంత ఉప్పు వేయాలి. ‘ఎందుకు’ అన్న ప్రశ్నకు ఈ చట్రంలో చోటు లేదు. ఒక వస్తువు దినుసుల పట్టికలోకి ఎక్కిందంటే దాన్ని తినవచ్చా లేదా అన్న చర్చ అప్పటికే ముగిసిపోయినట్టు లెక్క. ఇక మిగిలింది ఎంత, ఎంతసేపు అన్నదే. నిషిద్ధ వస్తువును ఇందులో పెట్టినప్పుడు, చదివేవారి మనసు ఇంకా ఆ మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయి ఉండగా వాక్యం మాత్రం వేపుడు దాటి అలంకరణ దాకా వెళ్లిపోతుంది. నవ్వు పుట్టేది ఈ ఎడంలోనే.

భారతీయ ఆలంకారికులు జుగుప్సను బీభత్సానికీ, హాసాన్ని హాస్యానికీ స్థాయీభావాలుగా (రసానికి ఆధారమైన నిలకడ భావాలుగా) చెప్పి రెంటినీ వేరువేరు రసాలుగా ఉంచారు. నాట్యశాస్త్రం రాసిన భరతుడి లెక్కలో బీభత్సం నుంచి పుట్టేది భయానకమే తప్ప హాస్యం కాదు. అయితే అనౌచిత్యం ఉన్నచోటల్లా హాస్యానికి అవకాశం ఉంటుందన్న, ఆ శాస్త్రానికి వ్యాఖ్యానం రాసిన అభినవగుప్తుడి మాట ఇక్కడ చక్కగా సరిపోతుంది. ఈ పుస్తకాల్లో వస్తువు బీభత్సానికి చెందినది. దాన్ని చెప్పే గొంతు మాత్రం ఆ వస్తువుకు ఏమాత్రం తగనిది. రోత నవ్వుగా మారే దారి ఆ తగనితనం గుండానే ఉంది.

ఈ కిటుకును అందరికంటే కరుకుగా వాడినవాడు ఇంగ్లీషు వ్యంగ్య రచయిత జొనాథన్ స్విఫ్ట్. ఐర్లండ్‌లోని పేదల పిల్లలు దేశానికి భారం కాకుండా ఏం చేయాలో సూచిస్తున్నట్టు 1729లో ఆయన రాసిన కరపత్రంలో, ఏడాది వయసున్న బిడ్డ మాంసం ఉడికించినా, కాల్చినా బాగుంటుందని, స్నేహితులను విందుకు పిలిస్తే ఒక బిడ్డ రెండు వంటకాలకు సరిపోతుందని, కాస్త మిరియాలూ ఉప్పూ చల్లితే నాలుగో రోజున ఉడకబెట్టుకున్నా, ముఖ్యంగా చలికాలంలో, రుచి చెడదని ఉంటుంది. నరమాంస భక్షణ అన్న ఊహ కంటే ‘నాలుగో రోజు’, ‘చలికాలం’ అన్న వివరాలే ఇందులో ఎక్కువ ఒళ్లు గగుర్పొడిపిస్తాయి, నవ్వించేవీ అవే. మిగిలిపోయిన కూరను పారేయకుండా దాచుకునే గృహస్థు జాగ్రత్త వాటిలో ఉంది. ఆ జాగ్రత్త వెనక తల్లిదండ్రులను ఇదివరకే పీల్చి తినేసిన భూస్వాముల మీద విసురు ఉంది. దినుసు ఇక్కడ ఎర, గురి వేరే.

రచయిత ఉద్దేశంతో పని లేకుండా చట్రం ఒక్కటే నవ్వు పుట్టించగలదనడానికి 1954 నాటి ఉదంతం ఒకటుంది. పారిస్‌లో స్థిరపడిన అమెరికన్ ఆలిస్ బి. టోక్లస్ వంటల జ్ఞాపకాల పుస్తకం రాస్తూ వంటకాలు చాలక స్నేహితులను అడిగారు. చిత్రకారుడు బ్రయన్ గైసిన్ పంపినది గంజాయి కలిపిన మిఠాయి. ఎండు ఖర్జూరాలు, అంజూరాలు, బాదం, వేరుశనగ, జాజికాయ, మిరియాలతో పాటు ఆ ఆకు పేరు కూడా పట్టికలో మామూలుగా కూర్చుంది. మహిళల పేకాట క్లబ్బులో ఫలహారంగా బాగుంటుందని, రెండు ముక్కలు చాలని, సరుకు సంపాదించడంలో కొంత ఇబ్బంది ఉండవచ్చని అందులో ఉంది. బ్రిటిష్ ప్రచురణలో అది అలాగే అచ్చయింది. అమెరికన్ ప్రచురణకర్తలు పట్టుకుని తీసేశారు. తీసేసినందువల్లే అది ప్రసిద్ధికెక్కింది. తక్కిన పుస్తకమంతా ఫ్రెంచి వంటల గురించి శ్రద్ధగా రాసినది; లోకానికి గుర్తున్నది ఆ ఒక్క పేజీ. అసలు వంటకంలో పొయ్యి వెలిగించే పనే లేకపోయినా, కాల్చిన చాక్లెట్ బ్రౌనీలుగానే అది జనం నోళ్లలో స్థిరపడింది. వేళాకోళానికి వంటకం కూడా సరిగ్గా గుర్తుండనక్కర్లేదు.

ఇంకా ముందుకు వెళితే, రచయిత ప్రమేయమే లేని సందర్భం ఆస్ట్రేలియాలో 2010లో ఎదురైంది. పెంగ్విన్ సంస్థ అక్కడ ప్రచురించిన పాస్తా వంటల పుస్తకంలో, ఒక వంటకానికి ఉప్పు, అప్పుడే దంచిన నల్ల మిరియాల పొడి వేయాలని ఉండాల్సిన చోట అచ్చుతప్పు దొర్లి, మిరియాలకు బదులు ‘మనుషులు’ అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు మాట పడింది. దంచాల్సినది నల్లజాతి మనుషులనైంది. అక్షరక్రమం తప్పు కాలేదు గనక కంప్యూటర్ పట్టుకోలేదు. గిడ్డంగిలో ఉన్న 7,000 ప్రతులను గుజ్జు చేయించారు. తిరిగి అచ్చువేయడానికి 20,000 ఆస్ట్రేలియన్ డాలర్లు ఖర్చయింది. ఒక్క మాట మారినంత మాత్రాన వాక్యం తడబడకుండా, అదే నెమ్మది గొంతుతో తరవాతి పనికి వెళ్లిపోవడమే అందులోని హాస్యం. ఆ వాక్యం ఎవరి గురించో వారికి మాత్రం అది హాస్యంగా కనిపించకపోవచ్చు. నవ్వుకు దూరం ఎంత అవసరమన్న ప్రశ్న అక్కడి నుంచే మొదలవుతుంది.

దూరం ఎంత ఉండాలి

జుగుప్స గురించి శాస్త్రీయంగా రాసిన తొలి వారిలో చార్ల్స్ డార్విన్ ఒకడు. భావవ్యక్తీకరణ మీద 1872లో వెలువరించిన గ్రంథంలో ఆయన దక్షిణ అమెరికా కొసనున్న టియెర్రా డెల్ ఫ్యూగోలో జరిగిన సంగతి చెప్పాడు. డార్విన్ తింటున్న నిలవ మాంసాన్ని స్థానికుడొకడు వేలితో తాకి, ఆ మెత్తదనానికి ఏవగించుకున్నాడు. ఆ మనిషి చేతులు మురికిగా లేకపోయినా తన తిండిని అతను తాకినందుకు డార్విన్ కూడా అంతే ఏవగించుకున్నాడు. ఒకే మాంసం ముక్క, రెండు వైపులా రోత, రెంటికీ కారణాలు వేరు. రోత వస్తువులో లేదు, దాని చుట్టూ ఉన్న ఊహలో ఉందన్న విషయం ఇంత పొదుపుగా చెప్పిన ఘటన మరొకటి దొరకడం కష్టం.

ఆ ఊహ ఎంత బలమైనదో అమెరికన్ మనస్తత్వవేత్త పాల్ రోజిన్ తన సహచరులతో కలిసి 1986లో ప్రకటించిన ప్రయోగాలు చూపించాయి. కుక్క మలం ఆకారంలో పోతపోసిన చాక్లెట్ మిఠాయి అచ్చమైన చాక్లెట్టేనని తెలిసినా జనం నోట పెట్టడానికి వెనకాడారు. సూక్ష్మక్రిములేవీ లేకుండా శుద్ధి చేసిన చచ్చిన బొద్దింకను ముంచి తీసిన పళ్లరసం మీద ఇష్టం పోయింది. చక్కెర సీసాకు విషం పేరున్న చీటీని తమ చేతులతో తామే అంటించినవారు కూడా ఆ చక్కెర కలిపిన నీళ్లు తాగడానికి తటపటాయించారు. చీటీ మీది మాటే నాలుకను ఇంతగా శాసిస్తుంటే, దినుసుల పట్టికలోని మాట కడుపులో తిప్పడంలో వింత లేదు.

అయితే తిప్పడానికీ నవ్వడానికీ మధ్య ఇంకో మెట్టు ఉంది. పీటర్ మెక్‌గ్రా, కాలెబ్ వారెన్ 2010లో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం, ఏదో ఒక కట్టుబాటు తెగినట్టూ, అయినా దానివల్ల హాని లేనట్టూ ఒకే క్షణంలో అనిపించినప్పుడు మనిషి నవ్వుతాడు. రెంటిలో ఏది తగ్గినా నవ్వు రాదు. కట్టుబాటు తెగకపోతే విసుగు, హాని ఉంటే భయమో కోపమో. తరవాత అదే బృందం దూరం గురించి చేసిన పరిశీలనలో, ఘోరమైన ఉల్లంఘనలు కాలంలోనో స్థలంలోనో దూరమైనప్పుడు ఎక్కువ నవ్వు పుట్టిస్తాయని, చిన్నపాటి పొరపాట్లు మాత్రం దగ్గరగా ఉన్నప్పుడే నవ్విస్తాయని తేలింది.

వంట పుస్తకాల మీద నవ్వులోని హెచ్చుతగ్గులు దీనితో చాలావరకు అర్థమవుతాయి. నరమాంసం మీద హాస్యం నడవాలంటే అది స్విఫ్ట్ కరపత్రంలాగా ఎవరూ నమ్మని ఊహగానైనా ఉండాలి, గ్రహాంతరవాసుల వంటశాల వంటి అసాధ్య లోకంలోనైనా ఉండాలి. టిన్ను చేపలను పుల్లని జెల్లీలో గడ్డకట్టించిన సలాడు లాంటిదానికి అంత దూరం అక్కర్లేదు. అది పక్కింటి విందులో ఎదురయ్యేంత దగ్గరగా ఉంటేనే నవ్వు. ఇక వంట పుస్తకం స్వభావమే ఒక రక్షణ. అచ్చులో ఉన్న వంటకానికి వాసన లేదు, తినమని బలవంతమూ లేదు. పుస్తకం మూసేస్తే ప్రమాదం తప్పిపోతుంది. అదే వంటకం బల్ల మీదికి వచ్చినప్పుడు ఏమవుతుందో 1998లో బ్రిటిష్ టెలివిజన్‌లో కనిపించింది. ఒక బిడ్డ పుట్టిన సందర్భంగా ఆ కుటుంబం కోసం పాకశాస్త్ర కార్యక్రమంలో, కాన్పులో బిడ్డ తరవాత బయటికి వచ్చే మాయను వెల్లుల్లి, ఉల్లిపాయలతో వేయించి, రొట్టె మీద రాసుకునే ముద్దగా చేసి అతిథులకు వడ్డించారు. ప్రేక్షకుల ఫిర్యాదులను ప్రసార ప్రమాణాల కమిషన్ సమర్థించింది. పుస్తకంలో ఒక పేజీగా ఉంటే జోకుగా చలామణి అయ్యేది, నోట్లోకి వెళుతూ కనిపించేసరికి ఫిర్యాదు అయింది.

నిజంగానే చెప్పినవారి గతి

1885లో లండన్‌లో విన్సెంట్ ఎం. హోల్ట్ అనే ఆయన ‘పురుగులను ఎందుకు తినకూడదు’ అన్న ప్రశ్ననే శీర్షికగా చేసుకుని ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. ఆయన వాదంలో పస ఉంది. పంటలను పురుగులు తినేస్తున్నాయి, పంటలు పండించే కూలీలకు మాంసం అందడం లేదు. పురుగులను ఏరి వండుకుంటే చేను నిలుస్తుంది, కడుపూ నిండుతుంది. ఆకులు మాత్రమే తిని బతికే గొంగళిపురుగును అసహ్యించుకుంటూ, సముద్రం అడుగున కుళ్లిన కళేబరాలు తినే లాబ్‌స్టర్‌ను పెద్దింటి విందుల్లో లొట్టలేస్తూ తినడంలో తర్కం ఏముందని నిలదీశాడు.

వాదం ముగిశాక ఆయన విందు పట్టికలు ఇచ్చాడు, ఒక పక్క ఇంగ్లీషులో, మరో పక్క ఫ్రెంచిలో. నత్తల సాస్‌తో ఉడికించిన కాడ్ చేప, తుట్టెతో సహా వేయించిన కందిరీగ పిల్లపురుగులు, వెన్నలో వేయించిన చిమ్మటలు, గొంగళిపురుగులతో అలంకరించిన కాలీఫ్లవర్. తరవాతి తరాలు హోల్ట్‌ను గుర్తుపెట్టుకున్నది ఈ పట్టికల వల్లే. కూలీల ఆకలి గురించిన పేజీలను ఎవరూ ఉదహరించరు. చిమ్మటల వేపుడును ఉదహరించనివారు లేరు. పేదవాడి తిండి గురించి రాస్తూ ధనికుల విందు భాషను ఎంచుకోవడం హోల్ట్ స్వయంగా చేసిన తప్పేనని చెప్పాలి. గౌరవం తెచ్చిపెడుతుందనుకున్న ఫ్రెంచి పేర్లు దినుసుకూ గొంతుకూ మధ్య ఎడాన్ని పెంచి, వాదాన్ని ప్రహసనంగా మార్చేశాయి.

దాదాపు శతాబ్దం తరవాత, 1979లో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో ఆచార్యుడైన పశువైద్య నిపుణుడు కాల్విన్ ష్వాబె ఆ దారిలోనే నడిచాడు. అమెరికన్లు ముఖం చిట్లించే మాంసాలన్నిటికీ, పేగుల నుంచి కీటకాల దాకా, చివరికి కుక్క, పిల్లి దాకా, ప్రపంచంలో ఎక్కడో ఒకచోట నిజంగా వండుతున్న వంటకాలను ఏర్చి కూర్చాడు. ఆయన కల్పించిన వంటకాలు కావవి. ప్రజారోగ్య రంగంలో పేరున్న శాస్త్రవేత్త, విశ్వవిద్యాలయ ముద్రణాలయం, ప్రోటీన్ వృథా గురించిన గంభీరమైన ఆందోళన అన్నీ ఉన్నాయి. అయినా వింత పుస్తకాల జాబితాలు వేసేవారికి అది పిల్లి మాంసం వంటల పుస్తకంగానే పరిచయం. తన పాఠకులకు రోత కలిగించేది ఏదో, దాన్ని ఎవరో ఒకరు రోజువారీ భోజనంగా తింటున్నారన్నదే ష్వాబె చూపదలచినది. ఒక్క దినుసు మీద ఆగిపోయిన కళ్లకు తక్కిన పుస్తకం కనిపించలేదు.

ఈ ఇద్దరి అనుభవంలోనూ కనిపించే తీరు ఒకటే: నిషిద్ధ దినుసు ఉన్న పుస్తకంలో పాఠకుడి దృష్టి సగటు పేజీ మీద కాక అన్నిటికంటే విపరీతమైన పేజీ మీద నిలుస్తుంది. పత్రికలు దాన్నే శీర్షికగా పెడతాయి, శీర్షిక చూసి కొన్నవారు దాన్నే స్నేహితులకు చదివి వినిపిస్తారు. ప్రచురణకర్తకు ఇందులో నష్టం లేదు. వండేవారి కంటే బహుమతిగా ఇచ్చేవారు ఎక్కువైన పుస్తకాలు అవి.

దీనికి పూర్తి వ్యతిరేక దిశలో నడిచినవారు ఇటలీ ఫ్యూచరిస్టులు, యంత్రాలనూ వేగాన్నీ కీర్తించిన కళాకారుల బృందం. వారి నాయకుడు ఎఫ్.టి. మరినెట్టి 1930 డిసెంబర్ 28న ట్యూరిన్ పత్రికలో వంట మీద ప్రణాళిక ప్రకటిస్తూ, ఇటాలియన్లను మందకొడిగా మారుస్తున్న పాస్తాను రద్దు చేయాలన్నాడు. 1931 మార్చిలో ట్యూరిన్‌లో భోజనశాల తెరిచారు. 1932లో వంట పుస్తకం వచ్చింది. ఉక్కు బేరింగు గుండ్లు పెట్టి కాల్చిన కోడి, అత్తరు కలిపిన కాఫీలో నిలబెట్టిన సలామీ, కుడిచేత్తో ఆలివ్ తింటూ ఎడమచేత్తో గరుకు కాగితాన్నీ పట్టువస్త్రాన్నీ తడుముతుండగా విమానం మోత వినిపించే వడ్డన అందులో ఉన్నాయి. చిత్రకారుడు సాల్వడార్ డాలీ 1973లో తెచ్చిన విందుల పుస్తకంలోనూ ఈ పోకడ కొంత ఉంది గానీ, అక్కడి 136 వంటకాల్లో చాలావాటిని పారిస్‌లోని పేరున్న భోజనశాలలు నిజంగా వండగలిగినవే. కేలరీలు లెక్కపెట్టేవారు వెంటనే పుస్తకం మూసేయాలని పీఠికలోనే చెప్పేశాడు. వీరిని చూసి నవ్వడం కష్టం, ఎందుకంటే వారు ముందే నవ్వుతున్నారు. పాఠకుడి పరిహాసాన్ని ముందుగానే లెక్కలోకి తీసుకున్న పుస్తకం మీద ఆ పరిహాసం పనిచేయదు.

కాలం ముందుకు జరిగినప్పుడు

రోమన్ల కాలపు వంటలుగా ఆపీషియస్ పేరుతో చేతికందిన సంకలనంలో ఫ్లెమింగో పక్షిని వండే పద్ధతి వివరంగా ఉంది. చివర చిలుకనూ ఇలాగే వండవచ్చని ఒక ముక్కలో తేల్చేశారు. చిన్న ఎలుకను పోలిన డార్‌మౌస్‌లో మాంసం, పప్పులు కూరి కాల్చే వంటకం, ఈనని పంది గర్భాశయం వంటకాలు కూడా అందులో ఉన్నాయి. వాటిని రాసినవారికి అది భోగం, ప్రతిష్ఠ. 18వ శతాబ్దపు ఇంగ్లీషు నవలాకారుడు టోబయాస్ స్మాలెట్‌కు మాత్రం అది ప్రహసనం. 1751 నాటి నవలలో ప్రాచీనుల పద్ధతిలో విందు ఏర్పాటు చేయించి, అతిథులందరినీ ఒకరి తరవాత ఒకరిగా అవస్థపాలు చేశాడు. ఒకప్పటి వైభవానికి కాలం గడిచేకొద్దీ హాస్యం అంటుకుంటుంది.

1870లో ప్రష్యా సేనలు పారిస్‌ను ముట్టడించినప్పటి భోజన పట్టిక అంత తేలిక విషయం కాదు. ముట్టడి 99వ రోజైన క్రిస్మస్ నాడు వ్వాజాన్ (Voisin) అనే భోజనశాల ఏనుగు మాంసం సూపు, ఇంగ్లీషు పద్ధతిలో కాల్చిన ఒంటె, కంగారూ కూర, చుట్టూ ఎలుకలను పేర్చిన పిల్లి వడ్డించింది. జంతుప్రదర్శనశాలకు మేత లేక జంతువులను అమ్మేశారు. పట్టికలో వీటి పక్కనే 1846 నాటి ముటోన్ రోత్‌షీల్డ్ ద్రాక్షసారా పేరు నిబ్బరంగా ఉంది. నగరంలో పేదలు ఎలుకలను ఏ పేరూ లేకుండానే తింటున్న రోజులవి. ఇప్పుడు ఆ కాగితం ప్రతిని చూసి నవ్వేవారు నవ్వుతున్నది ఆకలిని చూసి కాదు. ఆకలి వేళ కూడా మర్యాద తప్పని ఆ భాషను చూసి.

20వ శతాబ్దం మధ్యలో ఆహార కంపెనీలు పంచిన వంటల కరపత్రాలు ఇదే దారి పట్టాయి. మాంసం, కూరగాయలు, మయొనేజ్‌ను రంగురంగుల జెల్లీలో బిగించి తీసిన ఫొటోలు అప్పట్లో ఆధునికతకు గుర్తు: ఇంట్లో ఫ్రిజ్ ఉందని, చేతిలో తీరిక ఉందని చాటేవి. అమెరికన్ రచయిత జేమ్స్ లైలెక్స్ ఆ ఫొటోలకు వ్యంగ్య వ్యాఖ్యలు చేర్చి 2001లో పుస్తకంగా తెచ్చాడు. ఇక్కడ నిషిద్ధమైన దినుసు ఒక్కటీ లేదు. కలవకూడనివి కలవడమే సరిపోయింది.

నడక ఎప్పుడూ ఒకే వైపు కాదు. లండన్ వంటగాడు ఫెర్గస్ హెండర్సన్ 1999లో జంతువును ముక్కు నుంచి తోక దాకా వృథా కానివ్వకుండా వండే పుస్తకం రాసినప్పుడు, దశాబ్దాలుగా పేదరికానికి గుర్తుగా నవ్వులపాలైన మూలగ, పేగు, తల మాంసం ఖరీదైన భోజనశాలల పట్టికల్లోకి ఎక్కాయి. ష్వాబె కోరుకున్నదీ కొంతవరకు ఇదే. తేడా గొంతులో ఉంది: హెండర్సన్ తన దినుసులను సమర్థించుకోలేదు, ఏ ప్రపంచ సమస్యకూ పరిష్కారంగా చూపలేదు, రుచిగా ఉంటాయి గనక తినమన్నాడు.

ఎవరిని చూసి నవ్వు

అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో, వాహనాల కింద పడి చచ్చిన జంతువులను ఇంటికి తీసుకెళ్లి వండుకోవడానికి 1998లో చట్టం అనుమతించింది. దేశమంతా ఆ రాష్ట్రం మీద జోకులు వేసింది. అయితే అక్కడి మార్లింటన్ అనే చిన్న పట్టణం 1991 నుంచే ఏటా ‘రోడ్‌కిల్’ (రోడ్డు మీద చచ్చిన జంతువు) పేరుతో వంటల పోటీ పెట్టుకుంటోంది. రోడ్డు పక్కన చచ్చి కనిపించే జాతి జంతువు ప్రధాన దినుసుగా ఉండాలి, నిజంగా రోడ్డు మీద దొరికినదే కానక్కర్లేదు. వంటకంలో మిగిలిపోయిన కంకర వల్ల న్యాయనిర్ణేతల పన్ను విరిగితే మార్కులు తగ్గిస్తామని కూడా హెచ్చరించారు. పరులు వేసే జోకును తామే ముందు వేసుకుని, దాన్ని చూడవచ్చిన జనంతో పట్టణానికి ఆదాయం తెచ్చుకున్నారు.

అదే నవ్వు బయటి నుంచి వచ్చినప్పుడు పని వేరుగా చేస్తుంది. ‘విచిత్ర దినుసులు’ అన్న శీర్షిక కింద చేరే వంటకాల్లో చాలావాటిని ఎక్కడో ఎవరో విచిత్రమన్న ధ్యాసే లేకుండా తింటుంటారు. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2013 నివేదికలో కీటకాలు దాదాపు 200 కోట్ల మంది సంప్రదాయ ఆహారంలో భాగమని అంచనా వేసింది, 1,900కు పైగా జాతులను తినదగినవిగా పేర్కొంది. అంత మందికి తిండి అయినదాన్ని వింతగా చూపే పుస్తకం నవ్విస్తున్నది దినుసును చూపించి కాదు, తినేవారిని చూపించి. స్వీడన్‌లోని మాల్మో నగరంలో 2018లో తెరిచిన రోత ఆహారాల ప్రదర్శనశాల ఈ చిక్కును ఎదుర్కోవాల్సి వచ్చింది. ప్రవేశ టికెట్టును వాంతి సంచి మీద అచ్చువేసే ఆ సంస్థ, సార్డినియా పురుగుల జున్ను వంటివాటితో పాటు అమెరికన్లు ఇష్టంగా తాగే రూట్ బీరు అనే తీపి పానీయాన్ని, స్కాండినేవియన్లు ఇష్టపడే ఉప్పు లికరైస్‌ (అతిమధురం మిఠాయి)ను కూడా బల్ల మీద పెట్టి, ఏవగింపు నేర్చుకున్న విషయమని చెప్పే ప్రయత్నం చేసింది. అయినా తమ ఇంటి తిండి అక్కడ అరలో కనిపించిన సందర్శకులకు ఆ వివరణ చాలలేదు.

పేరు మారితే నవ్వు ఆగిపోతుంది

పుస్తకంలో నవ్విన పాఠకుడే తెలియకుండా తినేవి తక్కువేమీ కాదు. ఎర్రని మిఠాయిల్లో, పానీయాల్లో కనిపించే ఇ120 అనే రంగు, నాగజెముడు జాతి మొక్కల మీద బతికే కొచినీల్ పురుగుల నుంచి వస్తుంది. చాక్లెట్ గోళీల పైమెరుపుకు వాడే ఇ904 అంటే లక్క పురుగు స్రవించే లక్కే. కొన్ని సంప్రదాయ జున్నుల్లో పాలను విరిచేందుకు వాడేది లేగదూడ పొట్ట నుంచి తీసిన ఎంజైము. వీటి మీద జోకులు లేవు, ఎందుకంటే సంకేత సంఖ్య దినుసుల పట్టికలో కూర్చున్నప్పుడు ఏ చిత్రమూ కళ్ల ముందుకు రాదు. రోజిన్ ప్రయోగంలోని చీటీ ఇక్కడ తిరగబడి పనిచేస్తుంది.

ఈ సంగతిని పరిశోధకులు తెలిసే వాడుకుంటున్నారు. కోపెన్‌హేగన్‌లోని నార్డిక్ ఫుడ్ ల్యాబ్ 2014లో కేకులు, ఐస్‌క్రీముల్లో గుడ్డుకు బదులు జంతు రక్తం వాడే పద్ధతిని వివరించింది. రెంటిలోనూ ఉన్న ఆల్బుమిన్ వంటి ప్రోటీన్లు వేడికి ఒకే తీరుగా గడ్డకట్టి, నురగను పట్టి ఉంచుతాయి గనక ఒక గుడ్డుకు సుమారు 65 గ్రాములు, ఒక తెల్లసొనకు సుమారు 43 గ్రాముల రక్తం సరిపోతుంది. గుడ్లు పడనివారికీ, కబేళాల్లో వృథాగా పోయే రక్తానికీ ఇది ఒకేసారి ఉపయోగపడవచ్చు. పేరు వినగానే వచ్చే నవ్వును గ్రాముల్లో చెప్పిన లెక్క కొంత అదుపు చేస్తుంది గానీ, కేకు ముదురు గోధుమరంగులో, కాస్త ఇనుము రుచితో వచ్చినప్పుడు దాన్ని కప్పడానికి కోకో కావాల్సి వస్తుంది.

కీటకాల వంట పుస్తకాలు ఇప్పుడు పట్టిన దారీ ఇదే. ఇలకోడి పురుగు కాళ్లూ రెక్కలతో పళ్లెంలో కనిపించినప్పటి కంటే, పిండిగా బిస్కట్లో కలిసినప్పుడు తినడానికి ఎక్కువ మంది ఒప్పుకుంటారని వినియోగదారుల మీద జరిగిన అధ్యయనాలు పదేపదే చెప్పాయి. దానితో హోల్ట్ తరహా విందు పట్టికలు పోయి, ఫొటోలో పురుగు జాడ కూడా లేని రొట్టెలూ పాస్తాలూ వచ్చాయి. ఇంగువ రేణువంతైనా రోత లేని ఆ పేజీల్లో నవ్వుకు కూడా ఏమీ దొరకదు.

చట్టం మాత్రం దాచడానికి ఒప్పుకోవడం లేదు. ఐరోపా సమాఖ్య 2021లో ఎండబెట్టిన పసుపు మీల్‌వార్మ్ లార్వాలను, అదే ఏడాది మిడతను, ఆ తరవాత ఇలకోడిని ఆహారంగా అనుమతిస్తూ, జాతి పేరు ప్యాకెట్టు మీద స్పష్టంగా ఉండాలని, రొయ్యలు, పీతలు, నత్తగుల్లలు, ఇంటి దుమ్ములోని మైట్లు అనే సూక్ష్మ ప్రాణులు పడనివారికి ఇవీ పడకపోవచ్చన్న హెచ్చరిక తప్పనిసరని నిర్ణయించింది. 2023 మార్చిలో ఇటలీ ప్రభుత్వం ఇంకో అడుగు వేసి, కీటకాల పిండి ఉన్న సరుకులకు ప్రత్యేక లేబుళ్లు, దుకాణాల్లో ప్రత్యేక అరలు పెట్టించే ఉత్తర్వులను ప్రకటించింది. రొయ్యలు పడని మనిషికి ఆ చిన్న అక్షరాలు ప్రాణరక్షణ కాబట్టి లేబుల్ మీద వివాదం లేదు. ప్రత్యేక అర మాత్రం అలర్జీ కోసం పుట్టినది కాదు. మిగతా తిండి నుంచి దాన్ని విడదీసి చూపడానికి పుట్టినది.